ఆలస్యముగా వచ్చిన విద్యార్థి



మొక్కై వంగనిది మానై వంగునా యని మనలో ఒక సామెత కలదు. పిల్లలను వేళకు బడికి పంపుటకు ఆ మాట యెంతయో యుపకరించినది. కాని ఆ మాటనే త్రిప్పి, నలువదవ యేట చదువుకొనబూనిన వానిమీద విసరుటయు మన గ్రామములలో కలదు. పగలు పని చేసి రాత్రి పుస్తకము పట్టినవానిని చూచి, ఈ వయసున వీనికి చదువేమి యని అరుగుమీద కూర్చుండి నవ్వుకొనుట మనమందఱము చూచినదే. ఈ నవ్వు పల్లెటూళ్ళకే పరిమితమని తలపవలదు. ప్రపంచమున మిక్కిలి గొప్పవని పేరొందిన విశ్వవిద్యాలయములలో గూడ అది వినబడును. అచ్చట కొంచెము మర్యాదగా వినబడును, అంతే భేదము. ఆలస్యముగా వచ్చిన విద్యార్థిని అచ్చటి తోటివారును, గురువులును, అధికారులును ఏ కంటితో చూచుచున్నారు? ఆ చూపు ఎక్కడనుండి పుట్టినది? ఈ విషయమును గుఱించి నేడు మీతో ముచ్చటింపదలచితిని.

అమెరికా దేశములోని న్యూయార్కు నగరమున కొలంబియా విశ్వవిద్యాలయము కలదు. నా ప్రసంగమున కదియే ముఖ్యాధారము. ఏలయన, ఇట్టి విద్యార్థులకొఱకు ప్రత్యేకముగా ఒక శాఖను నెలకొల్పి, డెబ్బది యేండ్లకు పైగా నడపుచున్న మహావిద్యాలయ మది. మేలును కీడును రెండును అచ్చట పక్కపక్కనే కనబడును.

ముందుగా అచ్చటి రాజమార్గ మెట్టిదో చెప్పవలెను. అమెరికాలో బాలుడుగాని బాలికగాని పదునెనిమిదవ యేటికి ఉన్నతపాఠశాల చదువు ముగించి, ఆ వేసవి గడచినంతనే కళాశాలలో చేరుదురు. విద్యార్థిగృహమున నివసింతురు. నాలుగేండ్లకు బి.ఏ. పట్టము పుచ్చుకొని వెడలుదురు. ఈ త్రోవను రానివారినే నేను ఆలస్యముగా వచ్చినవారనుచున్నాను. పాఠశాల ముగిసినంతనే సైన్యమున చేరి యేడెనిమిదేండ్లు కొలువు చేసి వచ్చినవాడొకడు. చిన్నవయసుననే తల్లియై, బిడ్డ కొంత పెరిగిన తరువాత మరల పుస్తకము తెఱచిన స్త్రీ యొకతె. తండ్రి మరణముచేత కుటుంబభారము పైబడి హోటలులో వడ్డనపని చేసినవాడొకడు. పదునెనిమిదవ యేట చదువుమీద బుద్ధి నిలువక, ముప్పదవ యేట నిలిచినవాడొకడు. బాల్యమునుండి నాట్యమే వృత్తిగా జీవించి, ముప్పది దాటునప్పటికి కాళ్ళు అలసి రంగస్థలమును విడిచిన నర్తకులును కలరు. న్యూయార్కు నాట్యమండలులకు పెట్టినది పేరు గనుక ఇట్టివారు కొలంబియాలో అరుదు గారు. చదువులో ఒక యేడాదియో అంతకు మించియో విరామము కలిగినవారు సామాన్యముగా ఈ శాఖ ద్వారమున రావలసియుందురు.

ఇక్కడ చిన్నమాట యొకటి. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున, చేరునప్పటికి ఇరువదియొక్కేండ్లు నిండినవానిని ‘పరిపక్వ విద్యార్థి’ యని వ్యవహరింతురు. మన యిండ్లలో ఇరువదియొక్కేండ్లవాడు పరిపక్వుడని యెవరైన నమ్ముదురా? వయసు మీఱుట యనునది యెంత సాపేక్షమో దీనివలననే తెలియుచున్నది.

కొలంబియా 1754 లో పుట్టినది. అందులోని ప్రధాన కళాశాలకు ఈ మధ్య సంవత్సరములలో దరఖాస్తు పెట్టినవారిలో నూటికి నలుగురైదుగురికి మించి ప్రవేశము లభించుట లేదు. ఇట్టి చోట విద్య యొక్కటియే గౌరవమునకు కారణము గాదు. దొరకకుండుటయు నొక గౌరవము. తలుపు ఎంత యిఱుకైన, లోపలికి పోయినవాని ఛాతి అంత విశాలమగును. అట్టివానికి, ప్రక్క తలుపున మఱియొకడు లోపలికి వచ్చి తనతోపాటు అదే బల్లమీద కూర్చుండుట చూచినప్పుడు కొంచెము కష్టముగా నుండుట సహజమే.

ఈ ప్రక్క తలుపుల చరిత్ర ప్రాతది. బోస్టను నగరమున జాన్ లోవెల్ అను ధనికుడుండెను. భార్యాపుత్రికలు మరణింపగా, దుఃఖముతో దేశాటనము చేయుచు ఈజిప్టుమీదుగా మన దేశమునకు వచ్చి, 1836 లో బొంబాయిలో మరణించెను. తన యాస్తిలో సగభాగమును సామాన్యజనుల విద్యకొఱకు మరణశాసనము వ్రాసియుండెను. ఉపన్యాసములు ఉచితముగా నుండవలెననియు, లోతైన పాఠములకు రుసుము పుచ్చుకొన్నను అది రెండు బుషెళ్ళ గోధుమల వెలకు మించరాదనియు అందులో నియమము. రెండు బుషెళ్ళనగా మన లెక్కలో సుమారు 54 కిలోగ్రాములు. చదువు వెలను ధాన్యముతో కొలిచిన ఆ మహానుభావుడు మన బొంబాయిలో కన్నుమూసెనన్న సంగతి నాకు ఎప్పుడును ఆశ్చర్యము గొలుపుచుండును. ఆ నిధికి ధర్మకర్తయు, హార్వర్డు విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడును అయిన లారెన్సు లోవెల్ 1910 లో అచ్చట విస్తరణవిద్యాశాఖను స్థాపించెను. పగలు పనిచేయు గుమాస్తాలును, ఉపాధ్యాయినులును సాయంకాలము వచ్చి హార్వర్డు ఆచార్యుల పాఠములు వినిరి.

కాని పట్టము మాట వచ్చినప్పుడు చిక్కు పుట్టినది. వారికి బి.ఏ. యను పేరు ఈయక, వేఱొక పేరు గల పట్టమును కల్పించిరి. తరువాతి కాలమున పేరు మారినను, ‘విస్తరణవిద్యలలో’ అను తోక యొకటి ఆ పట్టమునకు దశాబ్దములపాటు అంటియుండెను. వాడు చదివినది చరిత్రయో, రసాయనమో, పట్టముమీద వ్రాయునది మాత్రము విస్తరణవిద్య. ఆ తోకను తీసివేయుడని అచ్చటి విద్యార్థులు మొఱ పెట్టుకొనుచు వచ్చిరి. మొదట కొన్ని పాఠములు చదివి, మంచి తరగతి సంపాదించినవారినే పట్టమునకు చేర్చుకొను పద్ధతి ఆ శాఖది. అనగా ముందు పరీక్ష, తరువాత ప్రవేశము. రాజమార్గమున వచ్చినవానికి ముందు ప్రవేశము, తరువాత పరీక్ష. వీనిలో ఏది కఠినమో పెద్దలు మీరే యోచింపుడు.

కొలంబియాలోను ఇట్టి విస్తరణశాఖయే యుండెను. దాని సంగతి యొక ప్రసిద్ధుని కథవలన తెలియును. ఐజాక్ ఆసిమోవ్ అను రచయిత పేరు మీ పిల్లలు వినియుందురు. విజ్ఞానకథలు మొదలుకొని నాలుగువందలకు పైగా గ్రంథములు ప్రకటించినవాడు. తండ్రి రష్యానుండి వలస వచ్చి బ్రూక్లినులో మిఠాయి దుకాణము నడపెను. పిల్లవాడు దుకాణమున పని చేయుచు చదువుకొనెను. 1935 లో పదునైదవ యేట కొలంబియా కళాశాలకు దరఖాస్తు పెట్టగా, అతనిని చేర్చుకొనక, బ్రూక్లినులో అదే విశ్వవిద్యాలయము నడపుచున్న చిన్న కళాశాలకు పొమ్మనిరి. ప్రధాన కళాశాలలో యూదుల సంఖ్య పెరుగకుండుటకే ఆ చిన్న కళాశాలను పెట్టిరని చరిత్రకారులు చెప్పుదురు. తరువాత అది మూతపడగా, ఆ పిల్లలను పెద్ద ఆవరణమునకే తెచ్చిరి. కాని కళాశాల విద్యార్థులుగా గాక, విశ్వవిద్యాలయపు విద్యార్థులు అను వేఱు పేరుతో ఉంచిరి. 1939 లో ఆసిమోవ్ బి.ఎస్. పట్టము పుచ్చుకొనెను. తన్ను రెండవ తరగతి పౌరునివలె చూచిరని అతడు స్వీయచరిత్రలో వ్రాసికొన్నాడు. అదే విశ్వవిద్యాలయము 1948 లో అతనికి రసాయనశాస్త్రమున డాక్టరు పట్టము నిచ్చినది. ఇతడు వయసు మీఱినవాడు గాడు, వయసు చాలనివాడు. అయినను ఈ కథ నిక్కడ చెప్పుటకు కారణ మున్నది. చూపు అనునది మనుష్యుని వయసునుబట్టి గాని తెలివినిబట్టి గాని పుట్టక, వాడు వచ్చిన ద్వారమునుబట్టి పుట్టుచున్నదని ఇందువలన తేటపడుచున్నది.

ఇక ఒక గొప్ప మార్పు జరిగిన కాలమునకు వత్తము. రెండవ ప్రపంచయుద్ధము ముగియక మునుపే, 1944 జూన్ మాసమున, సైనికుల పునరావాసమునకై అమెరికా ప్రభుత్వమొక చట్టము చేసెను. యుద్ధమునుండి వచ్చిన సైనికుడు చదువుకొనదలచినచో సంవత్సరమునకు 500 డాలర్లవఱకు రుసుము ప్రభుత్వమే చెల్లించును. పైగా ఒంటరివానికి నెలకు 50 డాలర్లును, సంసారికి 75 డాలర్లును జీవనమునకిచ్చును. ఆ దినములలో 500 డాలర్లనగా దేశములోని అతిగొప్ప విశ్వవిద్యాలయములకు గూడ చాలినంత రుసుము. కావున, రైతుకొడుకును, గనిపనివాని కొడుకును, ఊరి ప్రక్కనున్న చిన్న కళాశాలతో తృప్తిపడవలసిన పని లేకపోయెను. పేరు గల చోటికే పోదమని బయలుదేఱిరి.

ఇది చూచి పెద్దలు బెదరిరి. చికాగో విశ్వవిద్యాలయాధిపతి రాబర్టు హచిన్సు 1944 చివర ఒక పత్రికలో వ్యాసము వ్రాసి, ఈ చట్టమువలన విద్యాలయములు దేశదిమ్మరుల బసలుగా మారునని హెచ్చరించెను. ప్రభుత్వధనమునకు ఆశపడి, విద్యాలయములు తగనివారిని త్రోసివేయుటకు వెనుదీయునని ఆయన భయము. హార్వర్డు అధ్యక్షుడైన జేమ్సు కోనంట్, చదువుకు తగినవారిని తగనివారినుండి ఈ చట్టము వేఱుపఱచుట లేదని చింతించెను. వీరిద్దఱును సామాన్యులు గారు. విద్యకై జీవితములు ధారవోసినవారు. వారి మాటలలో దుష్టబుద్ధి యేమియు లేదు. మొక్కై వంగనిది మానై వంగునా యన్న మన సామెతనే వారు తమ భాషలో చెప్పిరి.

తరువాత జరిగినదేమి? 1947 నాటికి అమెరికా కళాశాలలలో చేరియున్నవారిలో ఇంచుమించు సగముమంది యుద్ధమునుండి వచ్చినవారే. చట్టము గడువు తీఱిన 1956 నాటికి దాదాపు 22 లక్షలమంది దాని సహాయమున కళాశాలలలో చదివిరి. వీరిలో పెండ్లియైనవారు, బిడ్డల తండ్రులు పెక్కురు. వసతి చాలక, సైన్యము వాడి విడిచిన రేకుల కొట్టములలో కాపురములుండిరి. ప్రక్కన బిడ్డ యేడ్చుచుండగా పాఠము వల్లించిరి. కొత్తగా చేరిన విద్యార్థి తలమీద చిన్న టోపీ పెట్టుకొని పెద్దతరగతులవారికి లోబడి తిరుగవలెనను ఆచారము ఆనాడు పలు కళాశాలలలో నుండెను. సముద్రతీరములందు తుపాకి గుండ్ల నెదుర్కొని వచ్చినవాడు ఇరువదేండ్ల పిల్లవాని ముందు టోపీ పెట్టుకొని తలవంచునా? వారు నిరాకరించిరి. ఆ యాచారము చాలచోట్ల అంతటితో సన్నగిల్లెను.

చదువులో వారు వెనుకబడుననుకొన్నవారి యంచనా తలక్రిందులయ్యెను. ఒక తరగతిలోని విద్యార్థులను ఒకరితో నొకరిని పోల్చి మార్కులు వేయు పద్ధతి అచ్చట కలదు. పదిమంది బాగుగా చదివినచో పదునొకండవవాని తరగతి తగ్గును. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున కుఱ్ఱ విద్యార్థులు ఈ సైనికులకు సగటు పెంచు పాపిష్ఠివారని యర్థము వచ్చు పేరు పెట్టి తిట్టుకొనిరి. ఇంతకంటె మంచి యోగ్యతాపత్రము మఱియొకటి యుండబోదు. 1946 లో కోనంట్ తన యభిప్రాయమును బహిరంగముగా మార్చుకొని, హార్వర్డు ఇంతవఱకు చూచిన విద్యార్థులలో వీరు మిక్కిలి పరిణతి గలవారని ప్రశంసించెను. పెద్దపదవిలో నున్నవాడు తన మాటను వెనుకకు తీసికొనుట అరుదు గనుక, ఆయనను ఇందుకై నేను గౌరవింతును.

ఈ కథలో ఒక మరకయు కలదు. దక్షిణరాష్ట్రములలోని నల్లజాతి సైనికులకు ఈ చట్టము పేరుకు సమానమైనను, వారిని చేర్చుకొను విద్యాలయములే మిక్కిలి తక్కువ యగుటచే, ఫలము సమానముగా దక్కలేదు.

ఆ సైనికుల వయసు రెండేండ్లలో తగ్గలేదు. చూచువారి కన్నే మారినది. ఎందువలన మారినదని యోచించినచో, నాకు తోచునది యిది. వారు ఒంటరిగా రాలేదు, వేలకొలది వచ్చిరి. దేశము గౌరవించిన యుద్ధమునుండి వచ్చిరి. వారి రుసుమును ప్రభుత్వము చెల్లించినది గనుక ఎవరి దయకును కాచుకొని యుండలేదు. వీనికన్న ముఖ్యముగా, పలుచోట్ల వారిని వేఱు ద్వారమున పంపలేదు. అదే కళాశాల, అదే పట్టము. ఈ నాలుగును కలిసినప్పుడు నలువది యేండ్లుగా వినబడుచున్న నవ్వు ఒక్కసారిగా ఆగిపోయినది. వీనిలో ఏది లోపించినను నవ్వు మరల మొదలగుననుటకు కొలంబియా చరిత్రయే నిదర్శనము.

కొలంబియా 1947 లో తన విస్తరణవిద్యను సంస్కరించి, ‘స్కూల్ ఆఫ్ జనరల్ స్టడీస్’ అను ప్రత్యేకశాఖను ఏర్పాటు చేసెను. సామాన్యవిద్యాశాఖ యని మనము పిలుచుకొందము. సైనికులను దృష్టిలో నుంచుకొనియే ఈ పని చేసిరి. దీనిలో మొదటినుండియు స్త్రీపురుషులిరువురకును ప్రవేశము కలదు. ప్రధాన కళాశాల స్త్రీలకు తలుపు తెఱచినది 1983 లో మాత్రమే. కావున, ఆలస్యముగా వచ్చినవారి శాఖయే ఈ విషయమున ముప్పదియాఱేండ్లు ముందు నడచినది. అయినను పట్టము మాత్రము చాలకాలము బి.ఎస్. మాత్రమే. సాహిత్యము చదివినవానికిని అదే. 1968 డిసెంబరులో విశ్వవిద్యాలయసభ ఈ శాఖకు బి.ఏ. ఇచ్చు నధికారమును ప్రసాదించినప్పుడు, ప్రధాన కళాశాల అధ్యాపకులు గట్టిగా వ్యతిరేకించిరి. రెండక్షరములకొఱకు పండితులు కలహించిరని మీరు నవ్వవచ్చును. ఆ రెండక్షరములే మనుష్యుని కొలుచు తూమైనప్పుడు కలహము తప్పదు. 1991 లో అధ్యాపకబృందములను ఏకము చేసిరి. అప్పటినుండి ఈ శాఖవారును, కళాశాలవారును, ఒకే గురువుల కడ, పెక్కు పాఠములు ఒకే గదిలో, ఒకే పరీక్షతో చదువుచున్నారు. నెరసిన తలవెండ్రుకలు తప్ప వేఱుచేసి గుర్తించుటకు ఆనవా లేమియు లేదు.

ఆ గదిలోని చూపు ఎట్లుండునో కొంచెము విపులముగా చెప్పవలెను. కుఱ్ఱవారి ఫిర్యాదులు రెండు. మొదటిది, వీరు సులభముగా లోపలికి వచ్చిరని. నూటికి నలుగురు చేరు ద్వారమునకును, అంతకు అనేక రెట్లు చేరు ద్వారమునకును పోలిక యేమని వారి వాదము. లెక్క నిజమే. సామాన్యవిద్యాశాఖలో ప్రవేశము దొరకుట కళాశాలలోకంటె చాల సులువు. కాని పదునేడేండ్ల బాలుని పరీక్షించుటకు అతని మార్కులు తప్ప మఱి యాధారము లేదు. ముప్పదేండ్లవానికి వెనుక పదియేండ్ల బ్రదుకున్నది. తూకపురాళ్ళు వేఱైనప్పుడు తూకములను పోల్చుట యెట్లు? తలుపు ఇఱుకుదనమును చదువనుకొనుట కుఱ్ఱతనము. ఇంటిలోనికి వచ్చిన తరువాత పంక్తిలో కూర్చున్నవారందఱకును వడ్డించునది ఒకే అన్నము.

రెండవ ఫిర్యాదు, వీరు తరగతిలో అతిగా మాటలాడుదురని. గురువు ఒక ప్రశ్న వేయగా, నేను పనిచేయు దినములలో ఇట్లు జరిగినదని తమ కథ నెత్తుకొందురట. ఇందులో కొంత నిజము లేకపోలేదు. పంచాయతిలో ఇట్టి పెద్దమనుష్యుని మనమెఱుగని వారము గాము. గట్టు తగవు తీర్చుమనిన తన తాతగారి దానపత్రముతో మొదలుపెట్టును. కాని దీని కింకొక ప్రక్క యున్నది. కొలంబియాలో మొదటి సంవత్సరపు విద్యార్థులకు గ్రీకుల యుద్ధకావ్యమైన ఇలియడ్ చదువుట ఆచారము. పదునెనిమిదేండ్ల పిల్లలకు అది పరీక్షకు వచ్చు పుస్తకము. ఇరాకునుండియో ఆఫ్ఘనిస్తానమునుండియో స్నేహితుని శవమును మోసుకొని వచ్చినవానికి అది వేఱొక పుస్తకము. మన భారతమున స్త్రీపర్వమును బాలుడు చదువుటకును, కొడుకును పోగొట్టుకొన్నవాడు చదువుటకును ఎంత భేదము? అట్టివాడు నోరు తెఱచి నాలుగు మాటలు చెప్పినచో తరగతి అంతయు లాభపడును. అందుచేతనే ఆచార్యులలో పెక్కుమంది వీరిని ఇష్టపడుదురు. రుసుము తమ కష్టార్జితము గనుక వీరు పాఠము తప్పరు; చదివి వత్తురు; వినయముగా వాదింతురు.

ఇక వారు తమ్ము తాము చూచుకొను చూపొకటి కలదు. నాకు ఎక్కువ బాధ కలిగించున దదియే. నీ వే శాఖ యని యడిగినప్పుడు వీరిలో కొందఱు కొలంబియా యని మాత్రము చెప్పి ఊరకుందురు. తరగతిలో మొదటివాడైనను, తాను పొరపాటున లోపలికి వచ్చితినేమో, నేడో రేపో వెడలగొట్టుదురేమో యన్న జంకు వెంటాడుచుండును. సాయంకాలము కుఱ్ఱవారు గుంపులుగా కూడి సంఘములు నడపు వేళకు ఇతడు బిడ్డను శిశుగృహమునుండి తెచ్చుకొనవలెను. లేదా పనికి పోవలెను. స్నేహములు కుదురవు. అది చూచి కుఱ్ఱవారు, వీరు మాతో కలియరు అందురు. కలియుటకు గంట యెక్కడిది?

అన్నిటికంటె పెద్ద భేదము డబ్బు సంచిలో నున్నది. ప్రధాన కళాశాలలో చేరిన పేదవానికి ఎంత లోటున్నదో లెక్క కట్టి అంతయు విశ్వవిద్యాలయమే భరించును. 2008 నుండి ఆ సహాయములో అప్పు అన్న మాటయే లేకుండ చేసిరి. సామాన్యవిద్యాశాఖవారికి ఇట్టి పూర్తి భరోసా లేకపోయెను. వారికి సహాయధనము కలదుగాని పరిమితము. మిగిలినదానికి అప్పు చేయవలెను. ఒకే గదిలో, ఒకే బల్లమీద కూర్చుండి, ఒకడు ఋణము లేక వెడలును. ప్రక్కనున్న బిడ్డలతల్లి లక్షల ఋణముతో వెడలును. వీరు మాలో ఒకరే యని విశ్వవిద్యాలయము నోటితో చెప్పి, సంచి విప్పునప్పుడు వేఱుగా చూచినచో, పదునెనిమిదేండ్ల పిల్లవాడు దేనిని నమ్మును? పిల్లలు మన మాటలను గాక మన చేతులను చూతురు. కుఱ్ఱవారి యవజ్ఞను నిందించుట సులభము. ఆ యవజ్ఞకు విత్తనము పాలకసభలో పడినదని నా యభిప్రాయము.

సైనికుల విషయము మఱియొక విధము. 2008 లో చేసిన కొత్తచట్టమువలన వారి రుసుమును ప్రభుత్వము మరల భరింపసాగెను. కొలంబియాయు తన వాటా కలిపినది. అందుచే ఆ తెగకు చెందిన ప్రాచీన విశ్వవిద్యాలయములలో సైనికవిద్యార్థులు మిక్కిలి యెక్కువగా చేరినది కొలంబియాలోనే. వారికి మర్యాదయు ఎక్కువే. ఇక్కడ నే నొక మాట అనక తప్పదు. సైనికుని గౌరవింపవలసినదే. కాని హోటలులో పదియేండ్లు గిన్నెలు కడిగి తమ్ములను చదివించి, ఆపై తాను చదువ వచ్చినవాడు ఏ పతకమును ధరించి తరగతికి రాగలడు? అతని సేవను ఏ చట్టమును లెక్కింపలేదు. ఆలస్యమునకు ఘనమైన కారణమున్నవాడు ఒక మెట్టు పైనను, సామాన్యమైన కారణమున్నవాడు ఒక మెట్టు క్రిందను నిలువవలసి వచ్చుచున్నది. చాలమంది ఆలస్యమునకు కారణము సామాన్యమైనదే: పేదఱికము, పెండ్లి, రోగము, నిర్లక్ష్యము.

ఇతర విశ్వవిద్యాలయములు వేఱు త్రోవ త్రొక్కినవి. యేల్, బ్రౌన్ అను రెండు ప్రాచీన విశ్వవిద్యాలయములు ఇట్టివారిని కొలదిమందిని ఏరి, తమ కళాశాలలోనే చేర్చుకొని, అందఱి కిచ్చు పట్టమునే యిచ్చును. పట్టమునకు తోక లేదు. కాని చేర్చుకొనువారి సంఖ్య మిక్కిలి స్వల్పము. కొలంబియా వేలమందికి తలుపు తెఱచి వారిని వేఱు పేరుతో పిలిచినది. ఇవి అదే పేరు పెట్టి కొద్దిమందినే పిలిచినవి. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయము 1990 లో మధ్యలో వచ్చువారిని చేర్చుకొనుటయే మాని, 2018 లో మరల ఆరంభించి, సైనికులను, చిన్న కళాశాలలనుండి వచ్చు పేదలను ముఖ్యముగా ఆహ్వానించెను. ఈ పద్ధతులలో ఏది మేలని నన్నడిగినచో, పదిమందిని గౌరవముగా పిలుచుటకంటె వేయిమందికి తలుపు తెఱచుటయే మేలందును. తెఱచిన పిమ్మట సంచి గూడ తెఱువవలెనందును.

మన తెలుగుదేశమునకు ఈ కథతో ఒక సంబంధము కలదు. 1913 లో ఇరువదిరెండేండ్ల యువకుడొకడు బరోడా మహారాజుగారి విద్యార్థివేతనముతో కొలంబియాలో పైచదువునకు చేరెను. ఆయనయే డాక్టరు బి. ఆర్. అంబేడ్కరు. వేతనము లేకున్నచో ఆ ప్రయాణమే లేదు. 1982 లో హైదరాబాదున, దేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయమును ఆంధ్రప్రదేశ ప్రభుత్వము నెలకొల్పినది. 1991 లో దానికి ఆయన పేరే పెట్టిరి. బడిచదువు మధ్యలో ఆగినవారును ఒక యర్హతాపరీక్షలో నెగ్గి పట్టమునకు చదువుకొను వీలును అది కల్పించినది. బస్సు కండక్టర్లును, అంగనవాడి కార్యకర్తలును, పోలీసు కానిస్టేబుళ్ళును, వంట ముగించి పుస్తకము పట్టు గృహిణులును అట్లు చదివి పట్టభద్రులైరి. మీ యూళ్ళలో గూడ ఇట్టివారు ఒకరిద్దఱైన నుందురు.

కొలువునకో, పిల్ల సంబంధమునకో ఆ పట్టము చూపినప్పుడు, మీది రెగ్యులరా, ఓపెనా యని అడుగువారు కలరు. న్యూయార్కులో నీ వే శాఖ యని యడుగు ప్రశ్నయు నిదియే. అచ్చట అడుగునది పదునెనిమిదేండ్ల పిల్లలు. ఇచ్చట అడుగునది తఱచుగా మనమే.